బొమ్మకు బట్ట కట్టేది ఎవరి కోసం?

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపే, హెర్క్యులేనియం నగరాలను బూడిదలో కప్పెట్టేసింది. 18వ శతాబ్దంలో అక్కడ తవ్వకాలు మొదలైనప్పుడు పాత్రలు, నాణేలు, విగ్రహాలతో పాటు మరికొన్ని వస్తువులూ బయటపడ్డాయి. స్త్రీపురుషుల కలయికను చూపే గోడబొమ్మలు, పురుషాంగం ఆకారంలో పోతపోసిన కంచు గంటలు, దీపాలు, తాయెత్తులు. రోమన్లు వీటిని దాచుకున్నవాళ్ళు కారు. దిష్టి తగలకుండా గుమ్మానికి వేలాడదీసేవాళ్ళు, దుకాణాల ముందు, వీధి మలుపుల్లో చెక్కించేవాళ్ళు.

1819లో నేపుల్స్ యువరాజు, తర్వాత మొదటి ఫ్రాన్సిస్ పేరుతో రాజైనవాడు, భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని అక్కడి మ్యూజియం చూడటానికి వచ్చాడు. ఈ వస్తువులు కంటపడ్డాక, అన్నిటినీ ఒక గదిలోకి చేర్చి తాళం వేయమన్నాడు. వయసు వచ్చి, నడవడిక మంచిదని పేరున్నవాళ్ళకే లోపలికి అనుమతి. ఆచరణలో అది చదువూ పలుకుబడీ ఉన్న మగవాళ్ళకే దక్కింది. ఆడవాళ్ళకూ పిల్లలకూ మామూలు జనానికీ ఆ తలుపు మూసే ఉండేది. తర్వాతి ప్రభుత్వాలు కొన్నాళ్ళు తెరిచాయి, కొన్నాళ్ళు మూశాయి. ఒక దశలో గుమ్మానికి అడ్డంగా గోడే కట్టేశారు. చివరికి ఆ గదిని అందరికీ తెరిచింది 2000లో.

ఇంత కాలమూ ఆ గంటలూ దీపాలూ అలాగే ఉన్నాయి. మారుతూ వచ్చింది చూడటానికి అర్హులెవరన్న లెక్క. కళలో, సినిమాల్లో, పత్రికల్లో, ఇప్పుడు ఫోన్లలో నగ్నత్వం మీద రేగిన గొడవల్ని వరసగా పెట్టి చూస్తే దాదాపు అన్నిటిలోనూ ఇదే కనిపిస్తుంది. ఒంటి మీద బట్ట ఉందా లేదా అన్నది రెండో సంగతి. దాన్ని ఎవరు చూస్తారన్నదే మొదటి బెంగ. ఆ బెంగలో పడి సమాజాలు ఇంకో ప్రశ్నను చాలాకాలం వదిలేశాయి. ఆ బొమ్మలో, ఆ ఫొటోలో ఉన్న మనిషికి ఇది ఇష్టమేనా?

మొదటి బెంగకు సామాజిక శాస్త్రంలో ఒక పేరుంది. 1983లో ఫిలిప్స్ డేవిసన్ అనే అమెరికన్ పరిశోధకుడు దాన్ని మూడో మనిషి ప్రభావం అన్నాడు. పత్రికలో, తెరమీద వచ్చే విషయం తనమీద పెద్దగా పనిచేయదనీ, ఎదుటివాళ్ళమీద మాత్రం గట్టిగా పనిచేస్తుందనీ మనుషులు అనుకుంటారు. తర్వాత చాలామంది పరిశోధకులు ఈ విషయాన్ని రకరకాలుగా పరీక్షించి చూశారు. ఎదుటివాళ్ళ గురించిన ఈ అంచనా ఎంత బలంగా ఉంటే సెన్సార్ కావాలనే మొగ్గు అంత ఎక్కువగా కనిపించింది. నేను చూస్తే ఏమీ కాదు, వాళ్ళు చూస్తే చెడిపోతారు. ఆ వాళ్ళు ఒక కాలంలో ఆడవాళ్ళు, ఒక కాలంలో పనివాళ్ళు, ఒక కాలంలో కుర్రకారు.

చట్టం కూడా ఇదే మాట చెప్పింది. 1868లో ఇంగ్లండులో హిక్లిన్ కేసులో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ అశ్లీలానికి ఒక కొలత పెట్టాడు. ఏ రచన అయినా, చెడు ప్రభావాలకు లోనయ్యే మనసున్నవాళ్ళ చేతిలో పడితే వాళ్ళను పాడుచేసేలా ఉంటే అది అశ్లీలమే. అంటే సగటు పాఠకుడితో పనిలేదు, ఊరందరిలోకీ తొందరగా జారిపోయే మనిషి ఎవరో ఊహించుకుని, అతని కోసం అందరి కళ్ళూ మూయాలి. అమెరికా సుప్రీంకోర్టు 1957లో ఈ కొలతను పక్కనపెట్టింది, ఇంగ్లండు 1959లో కొత్త చట్టం తెచ్చుకుంది. భారత సుప్రీంకోర్టు 1965లో దాన్ని నెత్తికెత్తుకుని 2014 దాకా మోసింది. దాన్ని వదిలించిన కేసు ఒక ఫొటోది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, అతన్ని పెళ్ళాడబోతున్న నల్లజాతి మూలాలున్న నటి బార్బరా ఫెల్టుస్ బట్టల్లేకుండా పక్కపక్కన నిలబడి దిగిన చిత్రం. తమ పెళ్ళి మీద వస్తున్న జాతిద్వేషపు మాటలకు జవాబుగా ఇష్టపడి దిగారు. 1993లో దాన్ని మనదేశపు పత్రికలు తిరిగి వేస్తే కేసు పడింది. ఫొటోను చెప్పదలచిన విషయంతో కలిపి చూడాలనీ, ఈనాటి సమాజపు సగటు ప్రమాణంతో కొలవాలనీ కోర్టు తేల్చేసరికి 21 ఏళ్ళు పట్టింది.

చూసే జనం మారగానే బొమ్మ తలరాత ఎలా మారుతుందో ఎం.ఎఫ్. హుస్సేన్ ఉదంతంలో తెలుస్తుంది. ఆయన 1970లలో గీసిన సరస్వతి రేఖాచిత్రం చిత్రకారులకూ సేకర్తలకూ తెలిసిందే. ఇరవై ఏళ్ళపాటు దానిమీద పెద్ద అలజడి లేదు. 1996లో ఒక హిందీ పత్రిక దాన్ని అచ్చువేసి అభ్యంతరం చెప్పాక దేశమంతా కేసులు పడ్డాయి. భక్తుల నొప్పి అబద్ధమని కొట్టిపారేయడం న్యాయం కాదు. పూజించే రూపాన్ని కళాకారుడి ఇష్టానికి వదలడం అందరికీ చేతకాదు. అయితే ఆ నొప్పి రాజుకున్న తీరు చూడాలి. కొద్దిమంది చూసేచోటు నుంచి బొమ్మ వీధిలోకి వచ్చింది, వచ్చిన రోజే దానికి కోపపు వ్యాఖ్య కూడా జతపడి వచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2008లో అశ్లీలం కేసులు కొట్టేసింది గానీ, 2006లో దేశం విడిచిన హుస్సేన్ తిరిగి రాలేదు. 2011లో లండన్లో చనిపోయాడు.

పాతకాలపు జనం ఇలా ఉండేవాళ్ళు, ఈ కాలపు జనం అలా ఉన్నారు అని గీత గీయడం కూడా కుదరదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు శిల్పి ప్రాక్సిటెలీస్ ఆఫ్రొడైటీ దేవత విగ్రహాలు రెండు చేశాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఒకటి బట్టలతో, ఒకటి బట్టల్లేకుండా. ధర రెండింటికీ ఒకటే. కోస్ ద్వీపంవాళ్ళు మర్యాదగా ఉంటుందని బట్టలున్నదే తీసుకున్నారు. వాళ్ళు వద్దన్నదాన్ని క్నిడోస్ నగరంవాళ్ళు కొన్నారు. దాన్ని చూడటానికి జనం ఓడలెక్కి వచ్చేవాళ్ళట. ఆ విగ్రహం ఇస్తే నగరం అప్పులన్నీ తీరుస్తానని నికోమెడెస్ రాజు అడిగినా వాళ్ళు ఇవ్వలేదు. ఒకే కాలం, ఒకే దేవత, ఒకే శిల్పి. రెండు ఊళ్ళకు రెండు అభిప్రాయాలు. అంతకుముందు శతాబ్దాల గ్రీకు శిల్పంలో మగవాళ్ళ నగ్నత్వం మామూలే, ఆడవాళ్ళది మాత్రం అరుదు.

యూరప్ చిత్రకళ ఈ ఇబ్బందికి ఒక దారి కనిపెట్టింది. పురాణం పేరు పెడితే చాలు, నగ్నత్వం గౌరవనీయమైపోతుంది. ఈ ఏర్పాటు ఎంత పలచనిదో పారిస్‌లో రెండేళ్ళ తేడాలో రెండు చిత్రాలు బయటపెట్టాయి. 1863లో సలోన్ అనే అధికారిక చిత్ర ప్రదర్శనలో అలెగ్జాండర్ కబనెల్ వీనస్ పుట్టుకను చూపించాడు. అలల మీద వెల్లకిలా పడుకున్న నగ్నస్త్రీ, కళ్ళకు అడ్డంగా మడిచిన చేయి, సగం మూసిన రెప్పలు, పైన ఎగురుతున్న బాలదేవతలు. చూసేవాడు ఎంతసేపు చూసినా ఆమె తిరిగి చూడదు. చక్రవర్తి మూడో నెపోలియన్ ముచ్చటపడి కొనుక్కున్నాడు. 1865లో అదే సలోన్‌లో ఎదువార్ మనే గీసిన ఒలింపియా అనే చిత్రం పెట్టారు. జనం తిట్టిపోశారు, నవ్వారు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. బొమ్మ మీద ఎవరైనా చేయి చేసుకుంటారేమోనని కాపలా పెట్టాల్సి వచ్చింది, చివరికి అందకుండా బాగా ఎత్తున తగిలించారు.

ఒలింపియాలో చూపించిన ఒళ్ళు కబనెల్ వీనస్‌ కంటే ఎక్కువేమీ కాదు. కానీ ఆమె మెడకు నల్లని రిబ్బన్ ఉంది, చేతికి కంకణం ఉంది, కాలికి చెప్పు వేలాడుతోంది. పక్కన నల్లజాతి పరిచారిక ఎవరో పంపిన పూలగుత్తి పట్టుకుని నిలబడింది. మంచం చివర నల్లపిల్లి ఒళ్ళు విరుచుకుంటోంది. ఇవన్నీ ఆనాటి పారిస్ గదిలో ఉండే వస్తువులే కాబట్టి ఆమె ఏ దేవతా కాదు, డబ్బు తీసుకునే మనిషి అని చూసినవాళ్ళకు వెంటనే తెలిసిపోయింది. ఆపైన ఆమె తిన్నగా చూస్తోంది. ఆ చూపులో సిగ్గులేదు, పిలుపూ లేదు, వచ్చినవాడు ఎవడా అన్న అంచనా ఉంది. చేయి తొడమీద గట్టిగా వేసుకుని ఉంది. సలోన్‌కు వచ్చిన పెద్దమనుషులకు తాము దొంగచాటుగా వెళ్ళే గది తలుపు భార్యల ముందు తెరిచినట్టయింది. వాళ్ళ కోపమంతా ఆ చూపు మీదేనని అనుకోవడానికి కబనెల్ చిత్రమే సాక్ష్యం.

నగ్నరూపం ప్రతిచోటా కోరికతోనే ముడిపడాలని లేదు. శ్రవణబెళగొళలో 10వ శతాబ్దం చివర చెక్కిన 57 అడుగుల జైన గోమటేశ్వరుడు దిసమొలతో నిలబడి ఉంటాడు. కాళ్ళకూ చేతులకూ తీగలు అల్లుకుపోయినా కదలని తపస్సు అది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ వెంటబెట్టుకుని కుటుంబాలకు కుటుంబాలు వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాయి, ఎవరికీ తల దించుకోవాలని అనిపించదు. అక్కడ బట్ట లేకపోవడమంటే వదులుకోవడానికి ఇక ఏమీ మిగలకపోవడం. రాయి చెప్పే కథ చూసేవాళ్ళకు ముందే తెలుసు కాబట్టి ఇబ్బందికి చోటు లేదు.

కథ తెలిసినచోట కూడా గాలి మళ్ళితే ఏం జరుగుతుందో రోమ్‌లోని సిస్టీన్ చాపెల్ గోడ చెబుతుంది. మైకెలాంజెలో అక్కడ అంతిమ తీర్పు చిత్రాన్ని 1541లో పూర్తిచేశాడు. తీర్పురోజున మనుషులు దేవుడి ముందు బట్టలతో నిలబడరని వందలకొద్దీ దేహాల్ని ఉన్నవున్నట్టు గీశాడు. పోపు దగ్గర ఉత్సవాలు చూసుకునే బియాజో ద చెసేనా ఇది గుడికి తగదనీ, స్నానశాలలకూ సారాయి కొట్లకూ సరిపోతుందనీ అన్నాడు. మైకెలాంజెలో అతని ముఖాన్నే నరకంలో న్యాయాధికారికి పెట్టి, గాడిద చెవులు తగిలించాడు. పోపు ఆ బొమ్మను మార్పించలేదు. అప్పటికి చిత్రకారుడిదే పైచేయి.

ఆ తర్వాత క్రైస్తవంలో చీలిక ముదిరింది. కాథలిక్కులు విగ్రహాల మోజులో పడ్డారని ప్రొటెస్టెంట్లు ఎత్తిపొడుస్తుంటే, 1563లో ట్రెంట్ మహాసభ చర్చి చిత్రాల్లో అసభ్యత ఉండకూడదని తీర్మానించింది. మైకెలాంజెలో 1564లో చనిపోయాడు. మరుసటేడు అతని శిష్యుడు, స్నేహితుడు డేనియెలె ద వోల్తెర్రా నిచ్చెన ఎక్కి ఆ దేహాలకు గుడ్డలు గీయాల్సి వచ్చింది. మంచి చిత్రకారుడే అయినా లాగులు తొడిగినవాడన్న ఎగతాళి పేరుతోనే చరిత్రలో మిగిలాడు. నిజానికి అతను ఆ గుడ్డలు గీయకపోతే చిత్రాన్నే చెరిపేసే ప్రమాదం ఉండేది. 1994లో పునరుద్ధరణ ముగిసేసరికి తర్వాతి కాలాల్లో పులిమిన గుడ్డలు చాలావాటిని తీసేశారు, డేనియెలె గీసినవాటిని మాత్రం ఉంచారు. అదీ ఆ గోడ చరిత్రలో భాగమేనన్నారు. సరైన నిర్ణయమే. ఒక సమాజం ఎప్పుడు ఎందుకు సిగ్గుపడిందో తెలిపే ఆధారాన్ని చెరిపేయడం కూడా ఒకరకం సెన్సారే అయ్యేది.

ఒకరి సిగ్గు మరొకరికి అంటుకున్న కథ జపాన్‌ది. అక్కడి ఉమ్మడి స్నానశాలల్లో ఆడామగా కలిసి స్నానం చేయడం 19వ శతాబ్దం మధ్యదాకా మామూలు సంగతి. 1850లలో అమెరికన్ నౌకలు వచ్చాక పరదేశులు దీన్ని చూసి నోళ్ళు నొక్కుకున్నారు. పాశ్చాత్యుల ముందు నాగరికులుగా కనబడాలన్న పట్టుదలతో కొత్తగా వచ్చిన మెయిజి చక్రవర్తి ప్రభుత్వం ఉమ్మడి స్నానాలనూ, వీధుల్లో ఒళ్ళు కనబడేలా తిరగడాన్నీ నిషేధించింది. అదే పట్టుదలతో పారిస్ వెళ్ళి చిత్రకళ నేర్చుకున్న కురోదా సెయికి, అక్కడ నగ్నచిత్రమే ఉన్నత కళకు గుర్తని తెలుసుకుని వచ్చాడు. 1895లో క్యోటోలో అతని నగ్నచిత్రం పెడితే దుమారం రేగింది. 1901లో టోక్యోలో పెట్టిన మరో చిత్రానికి పోలీసులు నడుము కింద భాగం కనబడకుండా గుడ్డ కట్టించారు. స్నానశాలలో ఎదురుగా ఉన్న ఒంటిని పట్టించుకోని సమాజానికి చట్రంలో బిగించిన ఒళ్ళు కొత్తగా తోచింది. పారిస్‌వాళ్ళది సరిగ్గా తిరగేసిన లెక్క.

ఎవరి ఒళ్ళు అన్నదాన్ని బట్టి కూడా లెక్క మారింది. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1896లో జులూ దంపతుల ఫొటో వేసింది, ఆమెకు పైన బట్ట లేదు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆఫ్రికా, పసిఫిక్ ద్వీపాల స్త్రీల ఫొటోలు అలాగే వచ్చాయి. తెల్లజాతి స్త్రీ చీలమండ కనిపించినా చెవులు కొరుక్కునే ఇళ్ళలో ఆ పత్రిక హాల్లో బల్లమీద ఉండేది. చదువు కోసమన్నారు. 2018లో ఆ పత్రిక సంపాదకురాలు తమ పాత సంచికల నిండా జాతివివక్ష ఉందని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఒక మనిషి ఒంటిని శాస్త్ర విషయమని ఎవరినీ అడక్కుండా చూపించవచ్చనీ, మరో మనిషి ఒంటిని పరువు పేరుతో దాచాలనీ అనుకోవడంలో ఎవరిని మనిషిగా లెక్కపెట్టారో కనబడుతూనే ఉంది.

గీసే చేతుల సంగతి ఇంకా లోతైనది. యూరప్‌లో 18, 19 శతాబ్దాల్లో పెద్ద చిత్రకారుడు కావాలంటే పురాణ, చారిత్రక చిత్రాలు గీయాలి. అవి గీయాలంటే నగ్నంగా నిలబడిన మోడల్‌ను చూసి ఒళ్ళు, కండరాలు గీయడం నేర్చుకోవాలి. ఆ క్లాసులోకి ఆడవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. లండన్లో 1768లో రాయల్ అకాడమీ స్థాపించినప్పుడు సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు, ఆంజెలికా కాఫ్‌మన్, మేరీ మోసర్. కొన్నేళ్ళకు జోహాన్ జొఫానీ ఆ సభ్యుల సామూహిక చిత్రం వేశాడు. గదిలో దీపాల వెలుగు కింద మగ మోడల్ బట్టలు విప్పి కూర్చుంటున్నాడు, మగ సభ్యులు చుట్టూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళు? నగ్న మోడల్ ఉన్న గదిలో వాళ్ళు ఉండకూడదు కాబట్టి గోడకు తగిలించిన రెండు పటాల్లో ముఖాలుగా మిగిలారు. సంస్థను స్థాపించినవాళ్ళు దాని గోడకు అలంకారమయ్యారు.

ఆ అకాడమీ విద్యార్థినులకు మోడల్‌ను చూసి గీసే అవకాశం 1893లో ఇచ్చింది, అదీ మోడల్‌కు నడుము దగ్గర గుడ్డ చుట్టిన తర్వాతే. అమెరికాలో థామస్ ఈకిన్స్ అనే గొప్ప ఉపాధ్యాయుడు అమ్మాయిలున్న క్లాసులో మగ మోడల్ మొలగుడ్డ తీయించినందుకు 1886లో పెన్సిల్వేనియా అకాడమీలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. విద్యార్థి దశలో మోడల్‌ను చూసి గీయనివ్వకపోతే ప్లాస్టర్ బొమ్మల్ని చూసి నేర్చుకున్న లారా నైట్, 1913లో ఒక పెద్ద చిత్రం వేసింది. అందులో ఆమె ఎర్రటి కోటు వేసుకుని, చేతిలో కుంచెతో, నగ్నంగా నిలబడిన స్నేహితురాలిని గీస్తూ ఉంటుంది. మోడల్, ఆమెను గీసిన బొమ్మ, గీస్తున్న మనిషి ముగ్గురూ ఒకే చట్రంలో కనబడతారు. రాయల్ అకాడమీ దాన్ని తిప్పికొట్టింది. 1936లో అదే అకాడమీ ఆమెను పూర్తి సభ్యురాలిగా ఎన్నుకుంది. స్థాపక సభ్యుల్లోని ఆ ఇద్దరి తర్వాత ఆ గౌరవం దక్కిన తొలి స్త్రీ ఆమే. ఇప్పుడా చిత్రం లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది.

ఈ నేపథ్యం తెలిస్తే, నగ్నచిత్రాలకు అభ్యంతరం చెప్పేవాళ్ళందరూ ఛాందసులే అన్న తేలిక మాట నిలబడదు. 1914 మార్చి 10న మేరీ రిచర్డ్‌సన్ అనే ఓటుహక్కు ఉద్యమకారిణి లండన్ నేషనల్ గ్యాలరీలో వెలాస్క్వెజ్ గీసిన వీనస్‌ను కత్తితో చీల్చింది. తమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్‌ను జైల్లో పెడుతున్నందుకు నిరసన అని అప్పుడు చెప్పింది. మగవాళ్ళు రోజంతా నోళ్ళు తెరుచుకుని ఆ బొమ్మను చూడటం కూడా తనకు నచ్చలేదని చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. బొమ్మను చీల్చడం తప్పే. అయినా ఆ రెండో మాటలో ఉన్న కష్టాన్ని 1989లో గెరిల్లా గర్ల్స్ అనే కళాకారిణుల బృందం కత్తి లేకుండా లెక్కతో చూపించింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆధునిక కళా విభాగంలో కళాకారుల్లో స్త్రీలు 5 శాతం కంటే తక్కువ, నగ్నచిత్రాల్లో మాత్రం 85 శాతం స్త్రీలవే. మ్యూజియంలోకి వెళ్ళాలంటే ఆడవాళ్ళు బట్టలు విప్పాల్సిందేనా అని పోస్టర్ వేసి అడిగారు. 2020లో లండన్లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ గౌరవార్థం పెట్టిన శిల్పం మీద చిన్న నగ్నస్త్రీ రూపం చూసి చాలామంది స్త్రీవాదులే మండిపడ్డారు. స్త్రీల హక్కుల కోసం రాసిన మనిషిని తలుచుకోవడానికి బట్టల్లేని ఒళ్ళే దొరికిందా అన్నారు. అది ఏ ఒక్క స్త్రీ రూపమూ కాదు, అందరి ప్రతీక అని శిల్పి చెప్పినా, మగ మేధావుల విగ్రహాలు కోటు వేసుకునే నిలబడతాయన్న మాటకు గట్టి జవాబు రాలేదు.

సినిమా, టీవీ వచ్చాక చూసేవాళ్ళ సంఖ్య లక్షల్లోకి, కోట్లలోకి పోయింది, బెంగ కూడా అంతే పెరిగింది. హాలీవుడ్ 1930లో రాసుకుని 1934 నుంచి గట్టిగా అమలుచేసిన నియమావళిలో నగ్నత్వం పూర్తిగా నిషిద్ధం. 1968లో దాన్ని వదిలేసి వయసును బట్టి రేటింగులు తెచ్చారు. ఆ రేటింగులు దేశదేశానికీ ఎంత తేడాగా ఉంటాయంటే, 2013లో కాన్ చిత్రోత్సవంలో పామ్ డోర్ అనే అత్యున్నత బహుమతి గెలిచిన చిత్రాన్ని ఫ్రాన్స్‌లో 12 ఏళ్ళు దాటినవాళ్ళు చూడవచ్చన్నారు, అమెరికాలో 17 ఏళ్ళు, అంతకు తక్కువ వయసువాళ్ళను లోపలికే రానివ్వలేదు. తుపాకీ కాల్పుల విషయంలో అమెరికా రేటింగులు ఇంత కచ్చితంగా ఉండవన్న ఫిర్యాదు పాతదే, న్యాయమైనదే.

2004 ఫిబ్రవరి 1న అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మధ్య విరామంలో గాయకుడు జస్టిన్ టింబర్లేక్ పాట చివర గాయని జానెట్ జాక్సన్ దుస్తుల్లో ఒక భాగాన్ని లాగాడు. ఆమె ఒక వక్షం అర సెకను పాటు తెరమీద కనిపించింది. నియంత్రణ సంస్థకు 5 లక్షల పైచిలుకు ఫిర్యాదులు వెళ్ళాయి, దాన్ని ప్రసారం చేసిన సీబీఎస్ చానల్‌కు 5,50,000 డాలర్ల జరిమానా పడింది. 2006లో అమెరికా కాంగ్రెస్ ఇలాంటి జరిమానా పరిమితిని పదింతలు పెంచింది. అప్పీలు కోర్టు ఆ మొదటి జరిమానాను రెండుసార్లు కొట్టేసింది, 2012లో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. కాగితాల మీద కథ అలా ముగిసింది. మనుషుల విషయానికొస్తే, వారం తర్వాత గ్రామీ వేడుకలో టింబర్లేక్ వేదికెక్కి అవార్డు అందుకున్నాడు, జానెట్ అక్కడ లేదు. 2018లో అతన్ని మళ్ళీ అదే సూపర్ బౌల్ వేదిక మీదికి పిలిచారు. బట్ట లాగిన చేయి ఒకరిది, పరువు పోయిన ఒళ్ళు మరొకరిది. ఈ సంఘటనలో ఇంతకంటే ముఖ్యమైన విషయం లేదు, ఆ 5 లక్షల ఫిర్యాదుల హోరులో మాత్రం అది వినిపించలేదు.

అంటే జనానికి నగ్నత్వం అసలే గిట్టదనా? అదేం కాదు. బ్రిటన్లో సన్ పత్రిక మూడో పేజీలో పైబట్ట లేని అమ్మాయి ఫొటోను 1970 నుంచి 2015 దాకా వేస్తూ వచ్చింది, ఆ పత్రిక బాగా అమ్ముడుపోయింది. అమెరికా పత్రిక ప్లేబాయ్ నగ్న ఫొటోలు మానేస్తామని 2015లో ప్రకటించి 2016లో మానేసింది, ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతున్నదాన్ని డబ్బిచ్చి కొనేదెవరన్నది వాళ్ళ లెక్క. 2017లో మళ్ళీ మొదలుపెట్టింది. ఒకే మనిషి ఒంటరిగా చూసేది వేరు, పదిమందిలో ఒప్పుకునేది వేరు. సర్వేల్లో జనం చెప్పే జవాబులు చాలావరకు రెండోదాన్నే కొలుస్తాయి.

ఇప్పుడు ఈ నిర్ణయాలు రాజుల చేతిలోనూ కోర్టుల చేతిలోనూ కంటే కొన్ని కంపెనీల యాప్‌ల చేతిలో ఎక్కువగా ఉన్నాయి. కోట్లకొద్దీ పోస్టుల్ని మనుషులు కూర్చుని చూడలేరు, యంత్రం చర్మాన్నీ ఆకారాన్నీ గుర్తుపట్టి తీసేస్తుంది. 1908లో ఆస్ట్రియాలో దొరికిన విల్లెండార్ఫ్ వీనస్ అనే 11 సెంటీమీటర్ల రాతిబొమ్మ ఫొటోను 2017లో ఫేస్‌బుక్ తీసేసింది. పాతిక వేల ఏళ్ళకు పైబడిన ఆ బొమ్మకు బట్టలు కట్టాలని ఇంతకాలం ఎవరికీ తోచలేదు. మ్యూజియం నిరసన తెలిపాక కంపెనీ క్షమాపణ చెప్పింది. ఇలాంటివి వరసగా జరగడంతో విసిగిన వియన్నా పర్యాటక సంస్థ 2021లో తమ మ్యూజియంల చిత్రాలను, నగ్నత్వానికి అడ్డు చెప్పని ఓన్లీఫ్యాన్స్ అనే వేదిక మీద ఖాతా తెరిచి పెట్టింది. ఇది నవ్వుకునే విషయంగా వార్తల్లో వచ్చింది గానీ, 2020 అక్టోబరులో బ్రెజిల్లో జరిగినదానికి ఎవరూ నవ్వలేరు. రొమ్ము క్యాన్సర్ లక్షణాలు ఎలా ఉంటాయో ఫొటోలతో వివరించిన పోస్టును ఇన్‌స్టాగ్రామ్ యంత్రం తీసేసింది. ఆరోగ్య సమాచారానికి కంపెనీ రూల్సులో మినహాయింపు ఉంది. దాన్ని గుర్తుపట్టే మనిషి ఆ దారిలో ఎక్కడా లేడని ఆ సంస్థ పర్యవేక్షక బోర్డు తర్వాత తేల్చింది.

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. దానికి నేర్పింది హిక్లిన్ కొలతే. ఎక్కడో ఎవరో ఒకరు ఇబ్బందిపడతారన్న ఊహతో, సందర్భంతో పనిలేకుండా అందరికీ ఒకే తాళం. బొమ్మలో ఉన్నది ఎవరు, ఎందుకు ఉన్నారు, ఇష్టపడి ఉన్నారా అని అడగడం దానికి రాదు.

ఆ ప్రశ్నను అడగడం మాత్రం మిగతాచోట్ల మొదలైంది. 1996లో ఫూలన్ దేవి కథతో తీసిన బాండిట్ క్వీన్ చిత్రం మీద తీర్పు ఇస్తూ భారత సుప్రీంకోర్టు, ఆమెను బట్టలూడదీసి ఊరేగించిన దృశ్యం చూసినవాళ్ళకు కోరిక కలగదనీ, ఆ హింస చేసినవాళ్ళమీద అసహ్యం, ఆమె మీద జాలి కలుగుతాయనీ అంది. తెరమీద ఒళ్ళు కనబడటాన్ని ఆమెకు జరిగిన అన్యాయం వైపు నుంచి చూసిన తీర్పు అది. 2018లో అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ తన ధారావాహికల్లో సన్నిహిత దృశ్యాలన్నిటికీ ఇంటిమసీ కోఆర్డినేటర్ ఉండాలని నిర్ణయించింది. ఏ దృశ్యంలో ఎంత కనబడుతుంది, కెమెరా ఎక్కడుంటుంది, సెట్‌లో ఎవరుంటారు అన్నది నటులతో ముందే మాట్లాడి ఖాయం చేసే పని అది. చిత్రకళా పాఠశాలల్లో మోడళ్ళకు ఇలాంటి కట్టుబాట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఎవరూ తాకకూడదు, ఫొటో తీయకూడదు, విరామంలో గౌను వేసుకుంటారు. ఆ గదిలో అందరికీ టెన్షన్ లేకుండా పని జరగడానికి ఈ కట్టుబాట్లే కారణం.

చట్టాల్లోనూ ఈ మలుపు కనబడుతుంది. భారత ఐటీ చట్టంలో సెక్షన్ 67 చూసేవాళ్ళ మనసులు పాడవుతాయా అని అడుగుతుంది, భాష దాదాపు 1868 నాటిదే. 2008 సవరణతో వచ్చిన 66ఇ వేరే ప్రశ్న వేస్తుంది. ఒక మనిషి ఆంతరంగిక భాగాల ఫొటోను ఆ మనిషి అనుమతి లేకుండా తీశారా, పంపారా? తీసి ఉంటే మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంగ్లండులో కక్షతో ఆంతరంగిక ఫొటోలు బయటపెట్టడం 2015లో నేరమైంది. అసలు తీయని ఫొటోను కూడా ఇప్పుడు కృత్రిమ మేధ పుట్టిస్తుంది. 2024 జనవరిలో గాయని టేలర్ స్విఫ్ట్ పేరుతో అలాంటి బొమ్మలను ఎక్స్‌లో (పాత ట్విటర్) జనం కోట్లసార్లు చూశాక, ఆ సంస్థ ఆమె పేరుతో వెతకడాన్నే కొన్నాళ్ళు ఆపేయాల్సి వచ్చింది. పేరున్న మనిషి కాబట్టి అంత కదలిక. పేరులేని అమ్మాయిలకు ఆ పాటి దిక్కు కూడా లేదు.

అమెరికాలో 2025 మే నెలలో వచ్చిన చట్టం ప్రకారం, అనుమతి లేని ఆంతరంగిక చిత్రం గురించి బాధితులు ఫిర్యాదు చేసిన 48 గంటల్లోగా వెబ్‌సైట్లు దాన్ని తీసేయాలి. యంత్రం చేత కల్పించిన బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది. బాధితురాలు ముందు తన ఫొటోను తానే వెతికి పట్టుకోవాలి, అది తనదేనని చెప్పుకోవాలి, ఆపైన ఆ గంటలు లెక్కపెట్టుకోవాలి. రొమ్ము క్యాన్సర్ గురించి రాసిన ఆ బ్రెజిల్ పోస్టును తీసేయడానికి ఎవరి ఫిర్యాదూ అవసరం కాలేదు.